తవిటయ్య రికార్డులో హమ్ము

రైల్వేలో ఏళ్లు గడిస్తే చాలు, ప్రమోషన్ దానంతటదే వస్తుంది. జగ్గారావు ఖలాసీగా చేరాడు, హెల్పరయ్యాడు, ఎలక్ట్రికల్ ఫిట్టరయ్యాడు, చివరికి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో మాస్టర్ క్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాడు. ఇందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అల్లా తవిటయ్య రికార్డులో కూడా ఆయన అదే పద్ధతిన పైకి రావడంతోనే వచ్చింది.

ఆ రికార్డు సంగతి ఇది. నలభై అయిదేళ్ల కిందట ఆ ఊళ్లో తెలుగువాళ్ల పేటైన ఓల్డ్ సెటిల్‌మెంటు తెలుగు నాటక సమితివాళ్లు, తాము రాసుకుని ఆడుకునే నాటకంలోని నాలుగు పద్యాల్ని కలకత్తాలో రికార్డు చేయించారు. పాడినవాడు తవిటయ్య. పగలు ఫౌండ్రీలో పని, సాయంత్రం సమితిలో రాజవేషం. ఆయన వెంట కలకత్తా వెళ్లిన మనిషి ఒక్కడే, అప్పటికి ఇరవై నాలుగేళ్ల ఖలాసీ జగ్గారావు. తిరిగొచ్చిన కొత్తలో "తవిటయ్యన్నకి తోడెల్లినాను" అని చెప్పుకునేవాడు. నాలుగేళ్లు తిరిగేసరికి తవిటయ్య విషజ్వరంతో పోయాడు. ఆ తరవాత జగ్గారావు ఫిట్టరయ్యాడు, అదే ఊపులో రికార్డులో హార్మోనీ వాయించిన మనిషి కూడా అయ్యాడు. గ్రేడ్ వన్ వచ్చేనాటికి పద్యం చివర తవిటయ్యతో కలిసి రాగం తీశాడు. రిటైరయ్యేనాటికి రికార్డులో రెండో గొంతు మొత్తం ఆయనదే.

అబద్ధం ఆడేవాడైతే ఎక్కడో ఒకచోట తడబడతాడు. జగ్గారావు ఏనాడూ తడబడలేదు, ఎందుకంటే మనిషి నిజంగానే నమ్మేశాడు. కాదనడానికి సమితి పాతకాపులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పోనీ రికార్డు పెట్టి చూద్దామంటే అది ఎవరింట్లోనూ లేదు. అచ్చయిన వంద ప్రతుల్లో కొన్ని పెళ్లి పందిళ్లలో అరిగిపోయాయి, కొన్ని ఎండకు వంకర తిరిగాయి, మిగిలినవి పిల్లలు ఆడుకోడానికి పనికొచ్చాయి. ఈ ప్రమోషన్లన్నిటికీ మొదటినుంచీ సాక్షి భార్య జోగమ్మ ఒక్కతే. ఆవిడ కాదనేది కాదు, అవుననేది కాదు. "ఊఁ" అనేది. ఆ ఊఁకి అర్థమేమిటో ఇన్నేళ్ల కాపురంలో ఆయన అడగలేదు.

ఈ ఏడు సమితికి యాభై ఏళ్లు నిండాయి. సరిగ్గా ఇప్పుడే ఆ రికార్డు బయటపడింది. తవిటయ్య కూతురు రాధారాణి రైల్వే స్కూల్లో తెలుగు టీచరు. తల్లి పోయాక ఆవిడ ట్రంకుపెట్టె సర్దుతూంటే పట్టుచీర మడతల్లో నల్లగా తళతళలాడుతూ దొరికింది. ఆ సాయంత్రమే రాధారాణి దాన్ని తువ్వాలులో చుట్టుకుని జగ్గారావు ఇంటికొచ్చింది. ఇల్లంటే కూతురు మీనాకుమారికి రైల్వేవాళ్లిచ్చిన క్వార్టరు. మీనాకుమారి కంట్రోల్ ఆఫీసు డ్యూటీల్లో ఉంటుంది గనక ఇంటికి పెత్తనమంతా ముసలాళ్లదే.

"చిన్నాన్నా, నాన్న పోయేనాటికి నాకు మూడేళ్లు," అంది రాధారాణి. "గొంతు ఎలాగుంటాదో నాకు తెలీదు. నువ్వు పక్కనుండి పాడినోడివి. నువ్వే వినిపించాల."

సమితి సెక్రటరీ ఉమాపతి అప్పటికే నిశ్చయం చేసేశాడట. మూడు వారాల్లో స్వర్ణోత్సవం. ఆ రోజు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో అందరి ముందూ ఈ రికార్డు వినిపిస్తారు. జగ్గారావు తువ్వాలు విప్పి, చక్రం మధ్యనున్న కాగితం మీద 'తవిటయ్య బృందం' అని చదివాడు. బృందం అన్న మాట మీద వేలు పెట్టి, "ఇది నాను," అన్నాడు.

వంటింట్లోంచి జోగమ్మ "ఊఁ" అంది.

ఆ క్షణం నుంచి జగ్గారావుకి కావలసింది ఒక్కటే. సెటిల్‌మెంటు జనమంతా కూర్చునుండగా తన గొంతు స్పీకర్లోంచి రావాలి. జనం సంగతి ఎలా ఉన్నా జోగమ్మ వినాలి. విని, ఆ ఊఁ అనడం మానెయ్యాలి.

రికార్డైతే ఉంది, దాన్ని తిప్పే యంత్రం కావాలి. ట్రాఫిక్ కాలనీలో విల్‌ఫ్రెడ్ అని రిటైర్డు గార్డు ఉన్నాడు. ఆయనింట్లో రికార్డు ప్లేయరు, ఆంప్లిఫయరు, రెండు పెద్ద స్పీకర్లు దుప్పటి కప్పుకుని పడున్నాయి. జగ్గారావు అడగ్గానే విల్‌ఫ్రెడ్ దుప్పటి లాగేశాడు.

"లే జావో జగ్గూ. నా చెవులు నాకన్నా ముందే రిటైరైపోయినాయి," అన్నాడు. తరవాత ప్లేయరు వెనకాల వేలాడుతున్న సన్న తీగ ఒకటి పట్టుకుని చూపించాడు. "దేఖో, ఈ తీగని ఆంప్లిఫయరు స్క్రూకి కట్టు. బస్. ఇంకేమీ చెయ్యొద్దు."

"ఠీక్ హై," అన్నాడు జగ్గారావు. ముప్ఫై ఆరేళ్లు రైలుపెట్టెల కరెంటు చూసిన మనిషికి ఒక గార్డు తీగ కట్టడం నేర్పుతున్నాడే అనుకుని మనసులో నవ్వుకున్నాడు. సామానంతా టోటో రిక్షాలో వేసుకుని ఇల్లు చేరి, ముందు గదిలో ఇనప బల్ల మీద అమర్చాడు. సన్న తీగని, పెద్దమనిషి చెప్పాడు గదా అని, స్క్రూకి కట్టాడు. ముల్లు రికార్డు మీద పెట్టాడు.

మొదట గుంయ్ మని ఒక మోత వచ్చింది. దాని మీద స్స్ మని ఒక బుస. ఈ రెంటికీ వెనకాల ఎక్కడో, మరో ప్లాట్‌ఫారం మీద ఎవరో పాడుకుంటున్నట్టుగా తవిటయ్య.

"ఇదేటి, పిండిమరా?" అంది జోగమ్మ.

"బుసనేమో హిస్సు అంటారు, మోతని హమ్ము అంటారు. రెండూ తీసెయ్యాల," అన్నాడు జగ్గారావు. "నాను మెత్తగా పాడినాను గదా, నా గొంతు ఈ హమ్ము కిందుండిపోనాది."

హిస్సుతో పెద్ద ఇబ్బంది కాలేదు. రికార్డుని సబ్బునీళ్లతో కడిగి పాత పంచెగుడ్డతో ఒత్తి తుడిచాడు. ప్లేయరు తీగల చివర్లు చిలుమెక్కి ఉంటే స్పిరిటుతో తోమాడు. బుస చాలామట్టుకు తగ్గింది. హమ్ము మాత్రం కదల్లేదు. ట్యూబులైటు ఆర్పాడు, సెల్‌ఫోను చార్జరు పీకాడు, ఫాను రెగ్యులేటరు మీద అనుమానమొచ్చి మే నెల మధ్యాహ్నం ఫాను కూడా కట్టేసి చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. హమ్ముకి చెమట పట్టలేదు.

అప్పుడు తన అసలు విద్య బయటికి తీశాడు. వర్క్‌షాపులో జగ్గారావుకి ఒక పేరుంది. ఆయన కట్టిన ఎర్తు ఊడింది లేదు. ఇనప ఒళ్లున్న ప్రతి వస్తువుకీ ఎర్తు ఉండాలి, ఎర్తు భూమిలోకి దిగాలి, దిగితే లావుపాటి తీగతో దిగాలి. కొత్తగా చేరిన ప్రతి ఖలాసీకీ ఆయన చెప్పే మొదటి మాట ఇది, కడపటి మాట కూడా ఇదే. అటువంటి మనిషికి విల్‌ఫ్రెడ్ సన్న తీగ ఏం ఆనుతుంది. పెరట్లో జోగమ్మ దొండపాదు పక్కన నడుముల్లోతు గొయ్యి తవ్వాడు. అందులో ఇనప గొట్టం నిలబెట్టి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస రాళ్ల ఉప్పు, మళ్లీ బొగ్గు, మళ్లీ ఉప్పు కూరాడు. కిటికీలోంచి పెరటి మీదుగా లావుపాటి జీఐ తీగ లాగి ప్లేయరుని ఆ గొట్టానికి బిగించాడు.

హమ్ము ఇంకొంచెం పెరిగింది.

అంటే ఆంప్లిఫయరుకి కూడా కావాలన్నమాట. రెండో గొయ్యి తవ్వాడు. హమ్ము ఇప్పుడు గోడకి చెయ్యి ఆనించినా తెలిసింది. అయితే ఇనప బల్ల సంగతేమిటి, అదీ ఇనుమే కదా అని మూడో గొయ్యి తవ్వాడు. మూడు గోతులకీ పూటకి రెండేసి బాల్చీల నీళ్లు పోశాడు, ఎర్తు తడిగా ఉండాలి కాబట్టి. హమ్ము తగ్గనందుకు ఆయనకి కోపం రాలేదు. రోగం ముదిరింది గనక మందు ఇంకా పడాలనుకున్నాడు.

దొండపాదు ఆకులు ముందు పసుపయ్యాయి, తరవాత గోధుమరంగయ్యాయి.

"ఏటయ్యా, ఆ పెట్టెకి పాట నేర్పుతున్నావా, ఊరగాయెడుతున్నావా?" అంది జోగమ్మ. "వంద మావిడికాయలకి కూడా ఇంతుప్పు ఎయ్యనేదు నాను."

"నీకు తెల్దు. ఎర్తు అంటే అదే."

"నాకు తెల్దులే. దొండపాదుకి మాత్రం తెలిసిపోనాది."

ఈలోగా సంగతి వీధులు దాటింది. పూరీ గేట్ టీకొట్టు దగ్గర జగ్గారావు కనిపిస్తే చాలు, "హమ్ము ఎందాకా వచ్చింది దాదా?" అని బెంగాలీవాళ్లు కూడా అడగడం మొదలెట్టారు. జగ్గారావు టీ గ్లాసు పక్కన పెట్టి ఉపన్యాసం ఇచ్చేవాడు. హమ్ము అన్నది ఎక్కడున్నా దోషమే. కొంచెం హమ్ము, మంచి హమ్ము అని ఉండదు. "ఆకరి బొట్టుదాకా తీసేస్తాను. రికార్డులో పాటుండాల, గొంతులుండాల, ఇంకోటుండకూడదు," అనేవాడు. ఆఫీసు నుంచి సైకిలు మీద వస్తూ ఆగిన ఉమాపతి ఈ మాటలు విని చాలా ముచ్చటపడ్డాడు. స్వర్ణోత్సవం కరపత్రంలో కూడా వేయించాడు: 'దోషరహితమైన ధ్వనితో తవిటయ్య గారి పద్యాలు'.

ఇంక పదిరోజులుందనగా జోగమ్మ బొంత ఉతికింది. బొంత అంటే పాతచీరలు ఏడెనిమిది పొరలు వేసి కుట్టినది, తడిస్తే ఇద్దరు పట్టాలి. దండెం మీద చోటు లేదు. పెరటి మీదుగా మూడు లావుపాటి తీగలు ఊరికే సాగి ఉన్నాయి. ఆవిడ బొంతని ఎత్తి చేతికందిన రెంటి మీద పడేసింది.

లోపల జగ్గారావు రికార్డు పెట్టుకుని, శబ్దం బాగా పెంచి, హమ్ముని శ్రద్ధగా వింటున్నాడు. ఉన్నట్టుండి గదంతా నిశ్శబ్దమైపోయింది. కరెంటు పోయిందనుకున్నాడు. చూస్తే ఆంప్లిఫయరు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది, చక్రం తిరుగుతూనే ఉంది. మరుక్షణం తవిటయ్య గొంతు సవరించుకున్నాడు. గదిలో కూర్చుని సవరించుకున్నంత దగ్గరగా వినిపించింది.

జగ్గారావు పెరట్లోకి పరిగెత్తాడు. ప్లేయరు తీగ, బల్ల తీగ రెండూ తెగి బొంతతో సహా మట్టిలో పడున్నాయి. జోగమ్మ, ఆయన ఏమంటే తను ఏమనాలో సిద్ధం చేసుకుని నడుం మీద చెయ్యేసుకు నిలబడింది. ఆయన ఆవిడని దాటి తీగల దగ్గరికి వెళ్లాడు. ప్లేయరు తీగ తెగిన కొసలు రెండూ తెచ్చి కలిపాడు. లోపల గుంయ్ మంది. విడదీశాడు. ఆగిపోయింది. మళ్లీ కలిపాడు. గుంయ్. పదిసార్లు చేశాడు.

ఎర్తు తెగితే హమ్ము పోవడమేమిటి? ముప్ఫై ఆరేళ్ల సర్వీసు ఒక పక్క, తడిబొంత ఒక పక్క. తడికాళ్లతో గట్టు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. మూడు గోతుల్లో భూమి మూడు రకాలుగా ఉంటుంది. ఒకదాని తడి ఎక్కువ, ఒకదాని ఉప్పు ఎక్కువ. ఒక గోతిలోంచి ఇంకో గోతిలోకి, పెట్టెల మీదుగా, సన్నగా కరెంటు గుండ్రంగా తిరుగుతూ ఉండి ఉంటుంది. ఆ తిరుగుడే హమ్ము. రైలుపెట్టె ప్రాణం కాపాడటానికి ఎన్ని ఎర్తులైనా మంచిదే. పాట వినడానికి మాత్రం ఇంటికి ఒక్కటి చాలు. ప్లేయరు ఆ సన్న తీగతో ఆంప్లిఫయరు చెయ్యి పట్టుకోవాలి, ఆంప్లిఫయరు ఒక్కటే భూమిని పట్టుకోవాలి. అంటే విల్‌ఫ్రెడ్ చెప్పిందే. మొదట్లో లోటల్లా ఆంప్లిఫయరుకి భూమి అందకపోవడమే; అది వదిలేసి తను కష్టపడి గొయ్యి తరవాత గొయ్యి తవ్వి హమ్ముని పెంచి పోషించాడన్నమాట.

ఈ సంగతి పూరీ గేట్‌లో చెప్పలేదు. "లైన్లో ఒక ఫాల్టు దొరికింది, తీసేసినాను," అని మాత్రం చెప్పాడు.

"బొంత మళ్లీ ఉతకాల," అంది జోగమ్మ.

మధ్యాహ్నం తలుపు దగ్గరికి వేసుకుని జగ్గారావు రికార్డు మొదటినుంచి పెట్టాడు. తవిటయ్య పద్యం ఎత్తుకున్నాడు. ఫౌండ్రీ పొగ తిన్న గొంతు, పైకి వెళ్లేకొద్దీ సన్నబడకుండా వెడల్పయ్యే గొంతు. నలభై ఏళ్లుగా మట్టిలో ఉన్న మనిషి. జగ్గారావుకి కళ్లు తడిశాయి. అయితే ఆ తడిలో కూడా చెవి మాత్రం ఇంకో గొంతు కోసం కాచుకుని ఉంది. మొదటి పద్యం అయిపోయింది. రెండోది అయిపోయింది. రికార్డు తిరగేశాడు. మూడు, నాలుగు. రెండో గొంతు లేదు. పద్యం చివర రాగం ఉంది, అది కూడా తవిటయ్యే తీశాడు.

దానికి తోడు హమ్ము ఇంకా ఉంది. ఇదివరకటి మోత కాదు, అడుగున మెత్తగా పరుచుకుని ఉన్న ఒక గుంయ్. జగ్గారావుకి ఆశ పుట్టింది. తన గొంతు దీని కిందుందన్నమాట. లేచి టెస్టరు తీసుకుని స్క్రూలన్నీ బిగించాడు, తీగలన్నీ ఊడదీసి పెట్టాడు. ముల్లు ఎత్తితే హమ్ము లేదు. పెడితే ఉంది. అదీ అస్తమానం ఉండటం లేదు. పద్యానికీ పద్యానికీ మధ్య ఖాళీలో స్పీకర్లు బొత్తిగా మాట్లాడలేదు. తవిటయ్య ఎత్తుకోబోయే ముందు మొదలవుతుంది, ముగించాక ఆగుతుంది.

కరెంటు హమ్ముకి పద్యం ఎప్పుడు మొదలవుతుందో ఎలా తెలుస్తుంది?

జగ్గారావు టెస్టరు పక్కన పెట్టి కూర్చున్నాడు. ఇప్పుడు మోత ఎలా ఉందో కాక ఎలా నడుస్తోందో విన్నాడు. కాస్త నిండుగా వస్తోంది, కాస్త తగ్గుతోంది, మళ్లీ నిండుతోంది. లెక్క తప్పకుండా, తొందర పడకుండా. వింటూ వింటూ కిందికి చూసేసరికి మోకాలి మీద తన కుడిచెయ్యి తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. హమ్ము నిండినప్పుడల్లా చెయ్యి మూసుకుంటోంది. ఆ చేతికి ఎవరూ చెప్పలేదు.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. రావలసిన హార్మోనీ మేస్త్రి రైలందుకోలేకపోయాడు. రికార్డింగు గదిలో మూల ఒక శ్రుతిపెట్టె ఉంటే తవిటయ్య దాన్ని తెచ్చి, సామాన్లు మోసుకొచ్చిన కుర్రాడి ఒళ్లో పెట్టాడు. "నువ్వు పాడకు, దగ్గకు. దీన్ని మాత్రం ఒగ్గకు," అన్నాడు. మూడు గంటలు, తెరవడం మూయడం. అంతే. రెండో గొంతు లేదు, హార్మోనీ లేదు, రాగం లేదు. రికార్డులో జగ్గారావు అంటే హమ్ము.

ఆయనకి సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా ఏదో పోగొట్టుకున్న బాధ వేసింది. ఇన్నేళ్లూ తనతో కలిసి బతికిన ఆ రెండో గాయకుడు, అంత బాగా పాడిన మనిషి, ఈ మధ్యాహ్నం అరగంటలో చచ్చిపోయాడు. గుమ్మంలో జోగమ్మ నిలబడి మోకాలి మీది చేతిని చూస్తోందని గమనించి, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఉమాపతి లాప్‌టాప్ తీసుకుని వచ్చాడు, వెంట రాధారాణి. రికార్డులో ఉన్నదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించుకుంటే హాల్లో వినిపించడం సులువని ఆయన ఆలోచన. జగ్గారావు ముల్లు పెట్టాడు. రాధారాణి స్పీకరు ముందు నేల మీదే కూర్చుండిపోయింది. నలభై నాలుగేళ్ల మనిషి, పిల్లలకి ఛందస్సు చెప్పే మనిషి, మొదటి పద్యం అయ్యేవరకూ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. అయ్యాక, "నాన్నకి స పలకదు, చిన్నాన్నా," అంది. "ష అంటున్నాడు. అమ్మ ఎప్పుడూ చెప్పనేలేదు."

ఉమాపతి మర్యాదకి కాసేపు ఆగి, తరవాత తల పక్కకి వంచాడు. "జగ్గారావు గారూ, అద్భుతం. కాని అడుగున కొంచెం హమ్ము మిగిలిపోయినట్టుంది."

"అది... ఉండనీండి."

"ఎందుకండీ, కంప్యూటర్లో ఒక్క నొక్కుతో పోతుంది."

ఎందుకో చెప్పాలంటే ఒక వాక్యం సరిపోతుంది. కాని ఆ వాక్యం చెబితే ఇన్నేళ్ల ప్రమోషన్లూ ఒక్కసారిగా రద్దవుతాయి. పైగా చెప్పవలసింది తవిటయ్య కూతురి ముందు, పక్కనుండి పాడినోడివి అని వెతుక్కుంటూ వచ్చిన పిల్ల ముందు. జగ్గారావు జీఐ తీగ ముక్క ఒకటి చేతిలో మెలితిప్పుతూ, "పాత రికార్డు గదా. రవ్వంత ఉంటేనే అందం," అన్నాడు.

ఉమాపతి నవ్వాడు. "ఆఖరి బొట్టుదాకా తీసేస్తానని ఊరంతా చెప్పింది మీరు. కరపత్రంలో అచ్చు కూడా వేశాం."

"చిన్నాన్న అలిసిపోయాడు," అంది రాధారాణి. "ఎండల్లో గోతులు తవ్వి తవ్వి విసుగొచ్చుంటాది. మీరు తీసెయ్యండి సెక్రటరీ గారూ. చిన్నాన్న గొంతు దాని కిందే ఉందేమో, బయటికొస్తాది."

జగ్గారావు తీగ ముక్కని ఇంకో మెలిక తిప్పాడు. ఉమాపతి లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకున్నాడు. జోగమ్మ అందరికీ టీ ఇచ్చింది.

స్వర్ణోత్సవం నాటి ఆదివారం సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ హాలు నిండింది. తవిటయ్య పద్యాలు నాలుగూ వినిపించారు. కంప్యూటరు తన పని తాను చేసింది. అడుగున ఏమీ లేదు. గొంతు ఒక్కటే, కాళ్ల కింద నేల లాగేసినట్టు, గాలిలో నిలబడి పాడింది. ముందు వరసలో ఒకరిద్దరు ముసలివాళ్లు ఏదో వెతుక్కుంటున్నట్టు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు గాని, అదేమిటో వాళ్లకీ తెలియలేదు. మిగతావాళ్లు కళ్లు తుడుచుకుని చప్పట్లు కొట్టారు. చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు, ఏం శుభ్రత అని మెచ్చుకున్నారు.

ఉమాపతి మైకు అందుకున్నాడు. "ఈ రికార్డులో రెండో గొంతు ఇచ్చిన మహానుభావుడు మన మధ్యనే ఉన్నారు. దురదృష్టవశాత్తూ ఆ గొంతు హమ్ముతో పాటు కొట్టుకుపోయింది, మనకు దక్కలేదు. కాని తన గొంతు పోయినా లెక్క చెయ్యక, మిత్రుడి గొంతుని మనకి నిర్మలంగా అందించారు." జగ్గారావుని వేదిక మీదికి నడిపించి శాలువా కప్పారు. 'నాదదోష నివారకులకు సత్కారం' అని చెక్కిన జ్ఞాపిక చేతిలో పెట్టారు. రెండు మాటలు మాట్లాడమన్నారు.

జగ్గారావు హాలంతా చూశాడు. మూడో వరసలో రాధారాణి, ఆమె పక్కన జోగమ్మ. మైకు దగ్గరికి జరిగాడు.

"నాను పాడనేదు," అన్నాడు. "శ్రుతిపెట్టె వాయించినాను. రెండో గొంతూ నేదు, ఏటీ నేదు. మీరు తీసేసింది హమ్ము కాదు, అది నానే."

చప్పట్లు మోగాయి, తవిటయ్యకి మోగినవాటికన్నా గట్టిగా. ఎంత అణకువ అని ఎవరో పైకే అన్నారు. "అణకువ కాదు, నిజంగానే," అన్నాడు జగ్గారావు. చప్పట్లు ఇంకా పెరిగాయి. "నన్ను సెప్పనీండి," అన్నాడు. ఉమాపతి కళ్లు ఒత్తుకుంటూ ఆయన భుజం మీద చెయ్యి వేసి మైకు తీసుకుని, పాతతరం వినయం ఎలా ఉండేదో నేటి యువత చూసి నేర్చుకోవాలని కోరాడు. నలభై ఏళ్లలో ఆ రికార్డు గురించి జగ్గారావు చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని నమ్మినట్టు కనిపించిన మనిషి హాల్లో లేడు. అక్కడికక్కడ రుజువు వినిపిద్దామంటే దాన్ని తీసేశారు, తీయించింది కూడా ఆయనే.

మర్నాడు పొద్దున్న జోగమ్మ బియ్యం ఏరుతూ, గోడవారగా పెట్టిన జ్ఞాపిక అందుకుని అక్షరాలు కూడబలుక్కుని చదివింది. జగ్గారావు మూడో గొయ్యి పూడ్చి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"అంటే నిన్ను నువ్వే తుడిసేసుకున్నందుకా ఈ శాలువా?" అంది.

జగ్గారావు తలెత్తాడు. "నువ్వు నమ్మినావా, నిన్న నాను సెప్పింది?"

"కొత్తగా నమ్మీడానికేటుంది. మన పెళ్లైన ఏడాదే సెప్పినాడు తవిటయ్యన్న. 'జగ్గడు పక్కన కూకుంటే శ్రుతి కోసం ఎతుక్కోనక్కర్నేదమ్మా, ఆడి సెయ్యి తప్పదు' అన్నాడు. ఆడికి గొంతు నేదని కూడా అన్నాడులే."

"మరి ఇన్నాళ్లూ అననేదేటి?"

"నువ్వు ఏడాదికో మెట్టు ఎక్కిపోతున్నావు. మజ్జిలో ఏటని సెప్పను. దిగినాక సెప్దారని ఊరుకున్నాను."

జగ్గారావు మట్టి చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. తవిటయ్య అంత మాట అన్నాడని ఆయనకి ఇన్నేళ్లూ తెలియదు. తెలిసుంటే ఒక్క ప్రమోషనూ అక్కర్లేకపోయేది. అది తలుచుకుంటే ఏడుపూ నవ్వూ కూడా వచ్చాయి.

"పెట్టె ఎట్టు," అంది జోగమ్మ చేట పక్కన పెట్టి. "కంప్యూటర్‌ది కాదు, మనది. గుంయ్ ఉన్నది."

జగ్గారావు చేతులు కడుక్కుని వచ్చి, ముల్లు మెల్లగా దించాడు. జోగమ్మ స్పీకరు దగ్గరికి పీట జరుపుకుని కూర్చుంది. తవిటయ్య పద్యం ఎత్తుకున్నాడు. ఆయన పాడుతున్నంతసేపూ ఆవిడ కదల్లేదు. ఊపిరి తీసుకోడానికి ఆయన ఆగి, గుంయ్ ఒక్కటే మిగిలిన చోటల్లా తల ఊపింది.